వీరగాథ పాడిన ‘ఒక్కత’: ఓరుగల్లు గడ్డ మీద స్త్రీల సొంత ఏకవ్యక్తి ప్రదర్శన

కాకతీయుల నాటి ఓరుగల్లు వీధులను వర్ణించిన క్రీడాభిరామంలో ఒక స్త్రీ వాద్యం వాయిస్తూ ద్విపదలో పల్నాటి వీరుల కథ పాడుతుంది. ఆమె పలికే ప్రతి అక్షరానికీ కుర్రవాళ్లు ఆవేశంతో ఊగిపోతారు. వినుకొండ వల్లభరాయని పేరున ప్రచారంలో ఉన్న ఆ కృతి ఆమె తాళాన్ని, యతిని, దరువులోని ధ్వనిని కూడా పట్టుకుంది గాని, ఆమె పేరు చెప్పలేదు. ‘ఒక్కత’ పాడింది అని మాత్రమే అన్నది. మరొకచోట జక్కుల స్త్రీ ఒకతె మహాలక్ష్మీ విష్ణువుల వలపును పాడుతూ వస్తుంది. ఆమెకూ పేరు లేదు. ఈ దృశ్యాలను పాఠకులకు చూపించేవారు నగర విహారానికి బయలుదేరిన ఇద్దరు మగవాళ్లు, మంచనశర్మ, టిట్టిభసెట్టి. అంటే ఓరుగల్లులో స్త్రీ ఒంటరిగా నిలబడి జనాన్ని కట్టిపడేసిన సంగతి మనకు చేరింది గాని, అది చూసినవారి మాటల్లోనే చేరింది.

స్త్రీలు తాము రాసుకున్న రచనను తామే ఒంటరిగా రంగస్థలం మీద ప్రదర్శించడం గురించి నేడు మాట్లాడేటప్పుడు దానిని మహానగరాల నుంచో విదేశాల నుంచో వచ్చిన పోకడగా చెప్పడం అలవాటయింది. ఆ మాట సగమే నిజం. ఒక్క మనిషి అనేక పాత్రలై కథ నడపడం ఈ నేలకు పాత విద్య, అందులో స్త్రీల వాటా కూడా పాతదే. కొత్తగా వచ్చినది కథ మీద హక్కు. వీరగాథ పాడిన ఒక్కత గొంతు ఆమెది, కథ పల్నాటి వీరులది. ఇప్పుడు వరంగల్‌లోనో కరీంనగర్‌లోనో ఒక చిన్న గదిలో యాభై మంది ముందు నిలబడే నటి తన గొంతుతో తాను ఎంచుకుని, తాను కూర్చుకున్న కథ చెబుతుంది. స్వతంత్ర రంగస్థలం అవసరమయ్యేది ఈ మార్పు కోసమే.

సంస్కృత దశరూపకాల్లో ఒంటరి నటుడి కోసమే ఏర్పడిన రూపకం ఒకటి ఉంది. దాని పేరు భాణం. ఒకే అంకం, ఒకే నటుడు. ఎదుట లేని మనుషులతో అతడు మాట్లాడతాడు, వారి జవాబులను ‘ఏమంటున్నావు?’ అని తానే అడిగి, తానే తిరిగి పలుకుతాడు. దీనినే ఆకాశభాషితం అంటారు. నాట్యశాస్త్రం భాణాన్ని చెబుతూ తన అనుభవాన్ని తాను పలికేది, ఇతరుల సంగతులను వర్ణించేది అని రెండు విధాలుగా చూసింది. నేటి ఏకవ్యక్తి ప్రదర్శనలను వర్గీకరించడానికి కూడా ఇంతకంటే మంచి గీత దొరకదు. అయితే భాణంలో మాట్లాడేవాడు విటుడు, అంటే వేశ్యల సాంగత్యంలో తిరిగే రసికుడు. అతడు వేశ్యవాటిక గుండా నడుస్తూ పలకరించే వారిలో ఎక్కువమంది స్త్రీలు, వారి మాటలన్నీ అతడి నోటి నుంచే వినబడతాయి. స్త్రీ ఆకాశంలో ఉంటుంది, పురుషుడు రంగం మీద ఉంటాడు. స్త్రీ తన రచనతో ఒంటరిగా రంగం ఎక్కినప్పుడు ఈ అమరిక తిరగబడుతుంది. భర్త, అత్త, యజమాని, పోలీసు, డాక్టరు అందరూ ఆకాశానికి వెళతారు, వారు ఏమన్నారో ఆమె చెబుతుంది. ఏ మాటను యథాతథంగా చెప్పాలో, దేనిని విరిచి చెప్పాలో, ఎక్కడ జవాబు వినబడనట్టు మౌనంగా ఉండాలో నిర్ణయించేది కూడా ఆమే.

ఉత్తర తెలంగాణ కథాగాన సంప్రదాయాల్లో స్త్రీ ఎక్కడ నిలబడిందో చూస్తే ఈ తిరగబాటు విలువ తెలుస్తుంది. ఒగ్గుకథను చుక్క సత్తయ్య, మిద్దె రాములు వంటి మహా కళాకారులు దేశమంతటికీ తెలిసేలా చేశారు. డోలు, తాళాల నడుమ ప్రధాన కథకుడు ఒక క్షణం మల్లన్న అవుతాడు, మరుక్షణం కొంగు కప్పుకుని ఎల్లమ్మ అవుతాడు. ఆ పరివర్తనకు మేకప్పు, తెర ఏవీ అక్కరలేదు. భుజం తిప్పే తీరు, నడుము మీద చేయి, గొంతులో ఒక మలుపు చాలు. అయితే ఆ కథల్లో స్త్రీ పాత్రలు ఎంత బలమైనవైనా వాటిని పలికింది చాలావరకు పురుషులే. శారదకథలో ప్రధాన కథకుడికి ఇంటి ఆడవాళ్లు వంత పాడతారు. కథ తెలియక కాదు, కథ చెప్పే స్థానం వారిది కాకపోవడం వల్ల వారు వంతలుగా ఉన్నారు. చిందు యక్షగానం ఇందుకు భిన్నంగా ఆడవాళ్ల చేత గజ్జె కట్టించింది. నిజామాబాద్ జిల్లాకు చెందిన చిందుల ఎల్లమ్మ స్త్రీ పాత్రలతోపాటు పురుష వేషాలు కూడా కట్టి పేరు పొందారు. 2005లో ఆమె మరణించేనాటికి ఆ పేరు చిందు కళకే పర్యాయపదమైంది. అయినా చిందు ఆట మేళంతో నడిచేది, కథ పురాణానిది.

హరికథ ఒక్క మనిషి విద్య. ఆదిభట్ల నారాయణదాసు తీర్చిదిద్దిన ఆ ప్రక్రియలోకి స్త్రీలు భాగవతారిణులుగా వచ్చి నిలదొక్కుకున్నారు. హరికథకురాలు డి. ఉమామహేశ్వరికి 2024లో పద్మశ్రీ లభించింది. బుర్రకథలో 1940ల నాటి ప్రజానాట్యమండలి, అంటే కమ్యూనిస్టు ఉద్యమపు సాంస్కృతిక సంస్థ, స్త్రీల దళాన్ని నిలబెట్టింది, మోటూరి ఉదయం పేరు అక్కడ మొదట చెప్పుకోవాలి. రాజకీయ కథను స్త్రీలే పాడి, స్త్రీలే వ్యాఖ్యానించడం అప్పటికి పెద్ద తెగింపు.

రంగస్థల చరిత్రలు లెక్కలోకి తీసుకోని మరో మూలం ఉంది. తెలంగాణ పల్లెల్లో చావింట్లో ఆడవాళ్లు రాగం తీసి శోకం పెడతారు. పోయిన మనిషిని పేరు పెట్టి, వరుస పెట్టి పిలుస్తూ, అతడు చేసిన మేలు, మిగిల్చిన అప్పు, పట్టిన పంతం, తీరని కోరిక అన్నీ ఏకరువు పెడతారు. ముందుగా రాసుకున్న పాఠం ఉండదు. అయినా ఒక ఎత్తుగడ, ఒక ఆవృత్తి, ఊపిరి తీసుకునే చోటు, గొంతు పడిపోయి మళ్లీ లేచే చోటు ఉంటాయి. వినేవాళ్లు మధ్యలో అందుకుంటారు. బతుకమ్మ ఆటలో పాట ఎత్తుకునే స్త్రీ కూడా అలాగే నడుస్తున్న వరుసలోకి ఆ ఏటి సంగతులను కలిపి కూర్చగలదు. ఇది స్వీయ రచన, ఏకవ్యక్తి ప్రదర్శన, ఎదురుగా ఉన్న సభతో సంభాషణ. మూడూ ఒకేచోట ఉన్నాయి. దానిని కళ అనకపోవడానికి కారణం కొలమానంలో ఉంది, ఆ కూర్పులో లేదు. కొత్తగా సోలో ప్రదర్శన కూర్చుకోవాలనుకునే ఉత్తర తెలంగాణ నటికి నేర్చుకోవడానికి నానమ్మ శోకం కంటే దగ్గరి బడి మరొకటి ఉండదు.

బడిలో, కాలేజీలో ఆమెకు నేర్పేది మాత్రం వేరు. ఏకపాత్రాభినయం పోటీ అంటే మయసభలో దుర్యోధనుడు, లేదా చాణక్యుడు, లేదా అల్లూరి. అమ్మాయిలకు రుద్రమదేవి, ఝాన్సీ లక్ష్మీబాయి. అయిదారు నిమిషాల్లో గొంతు ఎంత లేచిందన్నదే మార్కు. ఈ పోటీలు ఎందరికో సభాకంపం పోగొట్టాయి, ఆ మేలు చిన్నది కాదు. కాని అవి నటికి ఒక వీరావేశపు ముక్కను కంఠస్థం చేయించి పంపిస్తాయి, గంటసేపు ప్రేక్షకుడిని వెంట తీసుకుపోయే నిర్మాణాన్ని నేర్పవు. పైగా ఏకపాత్రాభినయంలో పాత్ర ఒక్కటే. ఒగ్గు కథకుడు చేసే పని, అంటే ఒకే ఒంట్లో పదిమందిని పలికించడం, దానికి మరో మెట్టు పైన ఉంది.

నాటక పోటీలు నడిపే పరిషత్తుల కోసం తయారయ్యే నాటకాల లోపలి లెక్కలు కూడా చూడాలి. తెలుగు ఔత్సాహిక సమాజాల్లో పురుష నటులు స్నేహంకొద్దీ, అభిమానంకొద్దీ ఆడతారు. స్త్రీ పాత్రకు మాత్రం తరచుగా బయటి నుంచి నటిని పారితోషికం ఇచ్చి పిలిపించుకోవాలి. ఆమె వచ్చేది చివరి కొన్ని రిహార్సల్స్‌కు. ఒకే పోటీల్లో ఒకే నటి రెండు మూడు సమాజాల నాటకాల్లో కనిపించడం ప్రేక్షకులకు తెలిసినదే. దీని ప్రభావం రచన మీద పడింది. స్త్రీ పాత్ర పెరిగితే ఖర్చు పెరుగుతుంది గనుక రచయితలు ఒకటి రెండు స్త్రీ పాత్రలతో సరిపెట్టుకున్నారు, అవీ తల్లిగా, కోడలిగా, కూతురిగా కథకు అవసరమైన మేరకే. ఆ నటీమణులు నాటకాన్ని నిలబెట్టిన తీరు గొప్పది, అలసట కూడా గొప్పది. కాని నాటకం ఎలా పుట్టిందో ఆ చర్చలో వారు లేరు. సొంత ఏకవ్యక్తి ప్రదర్శన ఈ లెక్కను మొదటి నుంచి మార్చేస్తుంది. నటి ఖర్చు పద్దులోని పేరుగా ఉండడం మాని, నాటకం ఎక్కడ మొదలవ్వాలో చెప్పే మనిషి అవుతుంది.

ఒంటరి నటి మీద పడే చూపు గురించి తప్పించుకుని మాట్లాడలేము. నిజామాబాద్ పరిసరాల్లోనూ, తెలంగాణలోని ఇతర ప్రాంతాల్లోనూ దళిత బాలికలను దేవత పేరుతో జోగినులుగా మార్చి, జాతరల్లో ఆడించిన చరిత్ర ఉంది. దానిని నిషేధిస్తూ చట్టం వచ్చింది 1988లో. నలుగురిలో ఆడే ఆడది అందరి సొత్తు అన్న భావన చట్టంతో పోయేది కాదు. సురభి కుటుంబాలు 1885 నుంచి స్త్రీ పాత్రలను స్త్రీల చేతే వేయించినా, స్థానం నరసింహారావు వంటి పురుషులు స్త్రీ వేషంలో అందుకున్న గౌరవం ఆ నటీమణులకు అంత సులభంగా దక్కలేదు. అందుచేత పక్కన మేళం లేకుండా, పాత్ర అనే ముసుగు కూడా పలచబడిన స్థితిలో, తన శరీరం గురించి తానే మాట్లాడే నటి రంగం మీద మోసే బరువు పురుష ఏకపాత్ర నటుడు మోసేదానితో సమానం కాదు. ప్రేక్షకులు ఆమె కథను పాత్ర కథగా వినరు, ఆమె కథగా వింటారు. ప్రదర్శన అయ్యాక వచ్చే మొదటి ప్రశ్న తరచుగా ‘ఇది మీకు నిజంగా జరిగిందా?’ అని. దానికి జవాబు చెప్పవలసిన బాధ్యత ఏ నటికీ లేదు.

ఇటువంటి ప్రదర్శన తయారయ్యే తీరు మామూలు నాటకం కంటే భిన్నంగా ఉంటుంది. రచన పూర్తయ్యాక రిహార్సల్ మొదలవడం అరుదు. ఒక వస్తువు, ఒక పని, ఒక జ్ఞాపకం చేతికి దొరుకుతుంది, దానితో గదిలో కొన్ని వారాలు గడిపితే మాటలు వస్తాయి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ ప్రాంతాల్లో వేలాది ఇళ్లలో స్త్రీలు బీడీలు చుట్టి బతుకుతున్నారు. ఆ జీవితాన్ని తీసుకున్న నటి రంగం మీదికి చాట ఒకటి తెచ్చుకుంటే చాలు. తడిపిన తునికాకు, కత్తెర, తంబాకు, దారం. కూలి వెయ్యి బీడీల లెక్కన వస్తుంది గనుక చేయి ఆగితే డబ్బు ఆగుతుంది. ఆ చేతి వేగమే ప్రదర్శనకు తాళం అవుతుంది. ఆమె ఏ మాట దగ్గర చేయి ఆపిందో అక్కడ ప్రేక్షకుడి ఊపిరి కూడా ఆగుతుంది, దానిని ప్రత్యేకంగా ఏడ్చి చెప్పనక్కరలేదు. కార్ఖానాలో బీడీలు చూసి పనికిరానివి తీసేసే మనిషి ఆకాశంలో ఉంటాడు. అతడు పక్కకు పడేసిన కట్టను ఆమె మౌనంగా చాటలోకి తిరిగి వేసుకుంటే ఆ సన్నివేశానికి వేరే సంభాషణ వద్దు.

ఇదే జిల్లాల నుంచి గల్ఫ్‌కు వలస వెళ్లినవారి ఇళ్లలో ఫోను మరో రంగస్థల సామగ్రి. దుబాయి గడియారం మన గడియారానికి గంటన్నర వెనుక నడుస్తుంది. ఇక్కడ వంట ముగించి పిల్లలను పడుకోబెట్టే వేళకు అక్కడ షిఫ్టు దిగుతారు. భర్తతో మాట్లాడే భార్య మాటలు మాత్రమే మనకు వినబడతాయి. భాణంలోని ఆకాశభాషితం ఇక్కడ కల్పన కాదు, రోజూ జరిగే సంగతి. అత్త వింటున్నప్పుడు మాట్లాడే గొంతు ఒకటి, దొడ్లోకి వెళ్లి మాట్లాడే గొంతు మరొకటి. ఆ రెండింటి మధ్య తేడాలోనే ఒక నాటకం ఉంది. ఏజెంటుకు కట్టిన అప్పు, వాయిదా పడుతున్న సెలవు, మాటల్లో రాని అనుమానం అన్నీ ఆ తేడాలోకి చేరతాయి. నగరంలో కూర్చుని గల్ఫ్ బాధలు అనే అంశం మీద నాటకం రాసేవారికి ఈ రెండు గొంతుల సంగతి తట్టకపోవచ్చు. ఆ ఇంట్లో పెరిగిన స్త్రీకి అది చెప్పకుండానే తెలుసు.

పొరుగున ఉన్న ఛత్తీస్‌గఢ్‌లో తీజన్ బాయి పండవానీని, అంటే అక్కడి భారత కథాగానాన్ని, ఇలాగే తిప్పారు. స్త్రీలు కూర్చుని పాడాలన్న కట్టును కాదని, మగవాళ్ల పద్ధతిలో లేచి నిలబడి, చేతిలోని తంబూరానే గదగా, ధనుస్సుగా మారుస్తూ భారతం చెప్పారు. ఆ తెగింపుకు మొదట దొరికింది వెలి. 2019లో పద్మవిభూషణ్ వచ్చింది. ఢిల్లీలో మాయా కృష్ణారావు 2012 డిసెంబరు నాటి అత్యాచార ఘటన తరువాత నడవడం అనే ఒక్క క్రియ చుట్టూ ప్రదర్శన అల్లారు. స్త్రీ రాత్రిపూట వీధిలో నడిచే హక్కు గురించి ఆమె ఉపన్యసించలేదు, నడిచి చూపించారు.

ఓరుగల్లు ప్రాంతపు నటికి వస్తువు ఎంపికలో ఒక చిక్కు ఉంది. ఇక్కడ వీరనారీమణులకు కొరత లేదు. రుద్రమదేవి, సమ్మక్క, సారలమ్మ, పాలకుర్తి చాకలి ఐలమ్మ. ఈ పేర్లు ఉచ్చరించగానే చప్పట్లు వస్తాయి, ప్రభుత్వ ఉత్సవాల్లో అవకాశం కూడా వస్తుంది. కాని ఆ చప్పట్లు అప్పటికే జనం మనసులో ఉన్న విగ్రహానికి చెందినవి, ప్రదర్శనకు చెందినవి కాకపోవచ్చు. ఐలమ్మను చేతిలో రోకలి బండతో గర్జించే మూర్తిగా చూపడం సులభం. కౌలు భూమిలో పండిన ధాన్యాన్ని దొర మనుషులు ఎత్తుకుపోవడానికి వస్తున్నారని తెలిసిన ఆ ముందు రాత్రి ఇంట్లో ఆమె ఏం లెక్క వేసుకుంది, ఎవరిని ఎక్కడికి పంపింది, ఎవరి మీద నమ్మకం కుదరలేదు అన్నది కూర్చడం కష్టం. ఏకవ్యక్తి ప్రదర్శన ఆ కష్టమైన పనికి తగిన రూపం. ఎందుకంటే ఒంటరిగా ఉన్న మనిషి ఆలోచనను చూపగల శక్తి దానికి ఉంది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలను స్త్రీశక్తి సంఘటన అనే స్త్రీవాద బృందం 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా సేకరించి ఇచ్చింది. వీరగాథల్లో కనిపించని భయం, ఆకలి, పార్టీ నిర్ణయాల పట్ల నొప్పి అందులో ఉన్నాయి. నటికి కావలసిన ముడిసరుకు ఆ స్వరంలో దొరుకుతుంది.

రెండో చిక్కు దీనికి ఎదురుదిక్కున ఉంది. తన బాధను తాను చెప్పుకుంటే చాలు, అదే ప్రదర్శన అవుతుందన్న భావన. నిజం చెప్పడానికి ధైర్యం కావాలి, ఆ ధైర్యాన్ని తక్కువ చేయకూడదు. అయినా నిజాయితీ నిర్మాణానికి బదులు కాదు. ఎదురుగా ఉన్న ప్రేక్షకురాలు సానుభూతి చూపే బంధువుగా మారిపోతే కళ అక్కడ ఆగిపోతుంది. దీనికి విరుగుడు మరో కన్ను. ఏకవ్యక్తి ప్రదర్శన ఒక్కరి శ్రమ అనుకోవడం పొరపాటు. గదిలో కూర్చుని ‘ఈ చోట నువ్వు చెబుతున్నది నేను ముందే గ్రహించాను’ అని చెప్పే దర్శకురాలో, స్నేహితురాలో లేకపోతే నటికి తన కూర్పు బయటి నుంచి కనబడదు. లైటు, ధ్వని చూసేవారు కూడా ఆమెతోపాటు శ్వాసించాలి. పక్కన నటులు లేనప్పుడు నటికి తోడు నటుడు దీపమే.

భాష విషయంలో చిన్న మాట. తెలంగాణ యాసను నాటకం, సినిమా చాలాకాలం హాస్యపాత్రలకు, ప్రతినాయకులకు పరిమితం చేశాయి. సొంత రచనతో వచ్చే నటి ఏడ్చినా, తర్కించినా, ప్రేమించినా తన ఇంటి మాటలోనే చేస్తుంది. లంబాడా తండా నుంచి, కోయ గూడెం నుంచి, ఉర్దూ మాట్లాడే ఇళ్ల నుంచి వచ్చే స్త్రీలకు అసలు తెలుగే రెండో భాష. వారి ప్రదర్శనలో ఆ భాషల వాక్యాలను అనువదించకుండా వదిలేసినా అభినయం అర్థాన్ని మోయగలదు. ఈ విషయంలో ప్రేక్షకుడి శక్తి మీద రంగస్థలం మరింత నమ్మకం పెట్టుకోవచ్చు.

వేదిక సంగతి వరంగల్‌లో విచిత్రంగా ఉంది. ఒక్క గొంతుతో వందల గొంతులు పలికించిన నేరెళ్ల వేణుమాధవ్ మట్టెవాడలో పుట్టి, 2001లో పద్మశ్రీ అందుకుని, 2018లో మరణించేదాకా ఈ ఊరినే అంటిపెట్టుకుని ఉన్నారు. ఒంటరి కళాకారుడిని ఇంతగా నెత్తిన పెట్టుకున్న నగరం తెలుగునాట అరుదు. 2014లో శంకుస్థాపన జరిగిన కాళోజీ కళాక్షేత్రం 2024 నవంబరులో హనుమకొండలో ప్రారంభమైంది. ఆ సభామందిరంలో వెయ్యి మందికి పైగా కూర్చోవచ్చు. నగరానికి అది గర్వకారణమే. అయితే చాటలో తునికాకు కత్తిరించే చప్పుడు వినబడాలంటే వెయ్యి కుర్చీల మందిరం పనికిరాదు. మైకు పెడితే ఆ చప్పుడు వేరే చప్పుడవుతుంది. కావలసినది అరవై, ఎనభై మంది కూర్చునే గది, నల్ల గుడ్డ, నాలుగు లైట్లు, మూసుకునే తలుపు. హైదరాబాద్‌లో 2010 నుంచి లమకాన్ అనే సాంస్కృతిక వేదిక ఇటువంటి అవసరాన్ని కొంత తీరుస్తోంది. దాదాపు నూట యాభై కిలోమీటర్ల ఇవతల ఉన్న వరంగల్ నటి అందుకే రైలెక్కవలసి వస్తుంది. 1904 నుంచి నడుస్తున్న రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం వంటి గ్రంథాలయాలు, కాలేజీల సెమినార్ హాళ్లు, పాత మిద్దెల మీద ఖాళీ గదులు ఇక్కడ ఉన్నాయి. గోడలు ఉన్నాయి, వాటిని రంగస్థలంగా నడిపే యాజమాన్యం కావాలి.

ఆ యాజమాన్యం చూడవలసిన వివరాలు మామూలువిగా కనిపిస్తాయి. రిహార్సల్ సాయంత్రం ఎన్నింటికి ముగుస్తుంది, నర్సంపేటకో పరకాలకో ఆఖరి బస్సు ఎప్పుడు, దుస్తులు మార్చుకునే గదికి గడియ ఉందా, చంటిబిడ్డను ఎక్కడ పడుకోబెట్టాలి. వీటికి జవాబు లేనిచోట ప్రతిభ గురించి మాట్లాడి లాభం లేదు. డబ్బు సంగతి కూడా ఇంతే ముఖ్యం. ఒక్కో పోషక కులాన్ని ఆశ్రయించి కథ చెప్పే ఆశ్రిత కులాల కళాకారులకు మిరాశీ గ్రామాలు, అంటే వంశపారంపర్య హక్కుగా వచ్చిన ఊళ్లు ఉండేవి, ఏటేటా వెళ్లి త్యాగం, అంటే ప్రతిఫలం అడిగే హక్కు ఉండేది. ఆ హక్కు కులం సంకెళ్లతో కలిసి వచ్చింది గనుక దానిని కోరుకోలేము. కాని ఆటకు ఫలానా ఊరు పోషకురాలు అన్న భరోసా ఏదో రూపంలో ఉండాలి. ఉచిత ప్రవేశం అనే అలవాటు ఆ భరోసాను లేకుండా చేస్తోంది. వంద రూపాయల టిక్కెట్టు కొని వచ్చిన అరవై మంది, సన్మానం కోసం వచ్చి మధ్యలో లేచిపోయే ఆరువందల మంది కంటే నటికి ఎక్కువ ఇస్తారు.

ప్రదర్శన ముగిశాక ఏం మిగులుతుందన్నది ఇంకా తేలని విషయం. పత్రికల జిల్లా పేజీల్లో ముఖ్య అతిథి పేరు వస్తుంది, ప్రదర్శన ఎలా కూర్చబడిందో రాసే విమర్శ రాదు. రచన అచ్చు కాదు. 1957 నాటి కాపీరైటు చట్టం నాటక కృతికి రక్షణ ఇస్తుంది గాని, అది రాతలోనో మరో రూపంలోనో స్థిరపడి ఉండాలి. ప్రదర్శకుల హక్కులు వేరుగా 1994 సవరణతో వచ్చాయి, అవి ఇప్పుడు యాభై ఏళ్లు ఉంటాయి. నటి నోటు పుస్తకంలో సగం, శరీరంలో సగం ఉన్న కూర్పుకు ఈ రక్షణ పూర్తిగా దొరకాలంటే ఎవరో ఒకరు దానిని రాసి పెట్టాలి, ఏ మాట దగ్గర చేయి ఆగింది, ఏ వైపు చూసి అత్త గొంతు పలికింది అన్నవాటితో సహా. వీడియో ఆ నటిని భద్రపరుస్తుంది, నాటకాన్ని మరొకరి చేతికి అందించదు. తెలుగు విశ్వవిద్యాలయపు జానపద గిరిజన విజ్ఞాన పీఠం వరంగల్‌లోనే ఉంది. పాత కథాగానాలను రికార్డు చేసిన ఆ పద్ధతిలోనే నేటి స్త్రీల ఏకవ్యక్తి ప్రదర్శనలను కూడా పాఠంగా, పేరుతో, తేదీతో నమోదు చేయవచ్చు. అప్పుడు హనుమకొండలో ఒకరు కూర్చిన బీడీల కథను పదేళ్ల తరువాత మెట్‌పల్లిలో మరొక స్త్రీ చేతికి తీసుకుని, తన ఊరి మాటల్లోకి మార్చుకుని, మొదట రాసినది ఫలానా ఆమె అని చెప్పి ఆట మొదలుపెట్టగలుగుతుంది.